బోణి బిడ్డ

"ఈ పొద్దు నుంచి పాప జట్కాలో పోదు అత్తా. బజారు మీద అసలే పోదు. కోట పక్క దావన నేనే నడిపించుకోని పోతాను."

రాజలక్ష్మి ఆ మాట మెల్లగానే అన్నది. కానీ ఆ ఇంట్లో కోడలి గొంతు అంత పెద్దగా వినిపించడం అదే మొదలు. పూజ గదిలో గంట ఆగిపోయింది. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న గురురాజ చేయి గాలిలోనే నిలిచిపోయింది. వాకిట్లో జట్కా ఆపుకుని ఉన్న తాయప్ప, వినకూడని మాట విన్నవాడిలా గుర్రం మెడ నిమురుతూ తల వంచుకున్నాడు. ఎనిమిదేళ్ల నాగవేణి ఒక్కతే బడి సంచి ఒళ్లో పెట్టుకుని, అమ్మ ముఖంలోకీ అవ్వ ముఖంలోకీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నది.

సుందరమ్మ హారతి పళ్లెం చేతిలో ఉండగానే బయటికి వచ్చింది.

"ఏందే నువ్వనేది? బోణి చేసే బిడ్డను బజారుకు పంపవా? పెద్దింటి కోడలువి, ఎండలో వీధెంబడి నడుచుకుంటా పోతావా?"

"పోతాను అత్తా."

"ఎవురు చెప్పినారు నీకు?"

"డాక్టరమ్మ చెప్పింది."

"ఆ యమ్మ మాటింటే మన ఇంట్లో దీపం కూడా వెలగదు" అని సుందరమ్మ పళ్లెం కింద పెట్టింది. కర్పూరం అప్పటికే ఆరిపోయింది.

బళ్లారి బజారులో రాజగోపాలయ్య గారి ధాన్యం అంగడి తెలియనివాళ్లు లేరు. ఆయన పోయాక కొడుకు గురురాజ దాన్ని చూసుకుంటున్నాడు. నాగవేణికి మూడేళ్లప్పుడు ఒక శుక్రవారం పొద్దున తాత ఒళ్లో కూర్చుని, బియ్యం శేరులో చేయి పెట్టి, మొదటి గిరాకీకి తనే కొలిచి పోసిందట. ఆ రోజు అంగడిలో సాయంత్రందాకా జనం తగ్గలేదు. పక్కన మిఠాయి అంగడి భీమప్ప చూసి, "అయ్యా, రేపు బిడ్డను మా గడప కూడా ఒకసారి తొక్కించండి" అని అడిగాడు. ఆ పైన బట్టల అంగడి గాళెప్ప అడిగాడు. ఆ పైన ఎవరూ అడగాల్సిన పని లేకుండా పోయింది. బడికి పోయే జట్కా ప్రతి అంగడి ముందూ ఆగేది. బొద్దుగా, తెల్లగా, కాళ్లకు వెండి గొలుసులతో దిగి వచ్చే ఆ పిల్లను చూస్తే అందరికీ లక్ష్మీదేవి నడిచి వస్తున్నట్టే ఉండేది. పాప త్రాసు మీదో, బట్టల తాను మీదో చేయి ఆనించేది. అంతే, బోణి అయినట్టే. కానీ బోణి చేసిన బిడ్డ ఉత్త నోటితో గడప దిగితే వచ్చిన లక్ష్మి కూడా ఆమె వెంటే దిగిపోతుందని ఆ బజారువాళ్ల నమ్మకం. అందుకని నోరు తీపి చేసి పంపాలి. భీమప్ప దగ్గర బాదుషా, గాళెప్ప దగ్గర బిస్కెట్ల పొట్లం, బెల్లం మండీలో అచ్చు బెల్లం ముక్క, ఇంకొక చోట పేడా. చివర మండక్కి బొరుగుల బండి హులిగెప్ప అయితే, "తీపంతా వాళ్లు పెట్టినారు, నా పక్క కారం" అని నవ్వుతూ వేడి మిరపకాయ బజ్జి చేతిలో పెట్టేవాడు. ఎవరికీ దుర్బుద్ధి లేదు. ఆ బిడ్డంటే బజారంతటికీ ప్రాణం. ఆ ప్రాణమే ఇన్నేళ్లుగా పిడికెడు పిడికెడుగా ఆ చిన్న ఒంట్లో చేరుతూ వచ్చింది...

రాజలక్ష్మికి అది తెలిసింది ఒక తలంటి రోజున. పాప మెడ వెనక నల్లని పట్టీలాంటి మరక కనిపించింది. మురికి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దింది. "అమ్మా, అది మురికి కాదే, నొస్తాంది" అని పాప ఏడ్చింది. ఆ ఏడుపులోనే ఊపిరి అందక, గోడ పట్టుకుని, చేప మాదిరి నోరు తెరిచి నిలబడింది. మరునాడే రాజలక్ష్మి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

అక్కడ బల్ల మీద పక్కనే హచ్చొళ్ళి నుంచి వచ్చిన ఒక కూలి తల్లి కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో బిడ్డ ఎంత సన్నగా ఉన్నాడంటే పక్కటెముకలు గుడ్డ కింద కూడా కనిపిస్తున్నాయి. ఆ తల్లి నాగవేణిని చూపు తిప్పుకోకుండా చూసి, "బంగారు బొమ్మ మాదిరి ఉండాది మీ బిడ్డ. ఏం పెడ్తావు తాయీ?" అని అడిగింది. అందులో అసూయ లేదు. చెబితే తనూ పెట్టుకుంటానన్న ఆశ తప్ప మరేమీ లేదు. రాజలక్ష్మి తెచ్చుకున్న అరటిపండ్లు ఆమె చేతిలో పెట్టి తల తిప్పుకున్నది.

డాక్టరమ్మ పాప మెడ చూసింది, గుండె చూసింది, మెట్లెక్కించి దింపించింది. తరువాత నెమ్మదిగా చెప్పింది.

"ఇది మురికి కాదమ్మా. ఒళ్లు చక్కెర జబ్బు దారి పడుతోందని చూపించే గుర్తు. ఇంకా రాలేదు. ఇప్పుడైతే ఆపుకోవచ్చు."

"మందు రాసివ్వండమ్మా. ఎంత చేదైనా మింగిస్తాను."

"మందుంటే నాకూ సులభమే. పస్తు మాత్రం పెట్టొద్దు. ఇంట్లో వండిన రొట్టె, అన్నం, ఆకుకూర, మజ్జిగ కడుపునిండా పెట్టు. దారి పొడుగునా నోట్లో పడే తీపి ఆపు. నడవనీ, గెంతనీ. బరువు తగ్గకపోయినా పరవాలేదు, పెరగకుండా చూడు. ఎత్తు పెరిగే పిల్ల, ఒళ్లు తనే సర్దుకుంటుంది." ఆమె ఒక్క క్షణం ఆగి, బయట కూర్చున్న తల్లివైపు చూసింది. "ఇదివరకు నా దగ్గరికి ఆ బిడ్డలాంటివాళ్లే వచ్చేవాళ్లు. ఇప్పుడు మీ బజారు ఇండ్ల నుంచి ఇట్లాంటి బిడ్డలూ వస్తున్నారు. ఈ జబ్బు ఎవరి కంటికీ జబ్బుగా కనపడదు. దిష్టి తీస్తారు, ముద్దు పెట్టుకుంటారు. అదే నాకు భయం."

చక్కెర జబ్బు అనగానే రాజలక్ష్మి కళ్ల ముందు మామగారి కాలు కదిలింది. కొత్త కోడలుగా వచ్చిన రోజుల నుంచీ ఆ మానని పుండు కడిగి కట్టు కట్టింది తనే. చివరికి బొటనవేలు తీసేసిన రోజు, ఆ పెద్దమనిషి చిన్నబిడ్డలా తన చేయి పట్టుకున్నాడు. ఆ కాళ్లకు ఆనవాలుగా మిగిలిన చిన్న పాదాలు నాగవేణివి. అచ్చం తాత పాదాలే...

"మీ మామకు చక్కెరొచ్చింది ముసలితనంలో" అన్నది సుందరమ్మ ఆరిన హారతి పళ్లెం పక్కన నిలబడి, కోడలి మనసులో మాట చదివినట్టు. "పాలు మరవని పిల్లకు చక్కెర ఏందే?"

"ఇంకా రాలేదు అత్తా. రాకుండా చూసుకోమంటాంది."

"కూడు పెట్టకుండా చూసుకునేదా? బిడ్డ అడిగింది పెట్టకపోతే ఏమయితాదో నాకు తెలుసు. నీకు తెలీదు."

గురురాజకు ఒక అక్క ఉండేది, పంపమ్మ. ఐదేళ్ల పిల్లకు విషజ్వరం వచ్చింది. జ్వరం దిగేదాకా లంఖణాలు తప్పవన్నాడు వైద్యుడు. ఆ కాలంలో అందరూ చేసేది అదే. పిల్ల మంచంలోంచి మజ్జిగన్నం, మజ్జిగన్నం అని అడుగుతూనే ఉంది. సుందరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, రేపమ్మా, రేపు పెడతానమ్మా అని చెబుతూనే ఉంది. ఆ రేపు రాలేదు. అప్పటినుంచి సుందరమ్మ ఏ బిడ్డకూ లేదని చెప్పి ఎరుగదు. గడపలోకి వచ్చిన బిచ్చగత్తె చంకలో బిడ్డకైనా సరే, చేయి నిండా పెట్టి, తిన్నదాకా అక్కడే నిలబడి చూసేది.

రాజలక్ష్మి అత్తగారి పాదాల దగ్గర కూర్చున్నది. "ఆకలికి పెట్టొద్దనలేదు అత్తా... ఆకలి లేనప్పుడు పెట్టొద్దంటాండాను."

"రెండూ ఒకటే" అని సుందరమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆ పొద్దున తల్లీ కూతురూ కోట పక్క దారి పట్టారు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి రాజలక్ష్మి ఆ ఊళ్లో మట్టి మీద పాదం పెట్టి నడిచింది తక్కువ. అంగళ్ల ఇండ్ల కోడండ్లు గుడికి పోయినా జట్కాలోనే, పరదా దించుకుని. ఇప్పుడు కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, కూతురి వేలు పట్టుకుని నడుస్తుంటే చూసిన ప్రతి కన్నూ గుచ్చుకున్నది. కొళాయి దగ్గర ఒకామె, "ఏం రాజమ్మా, అంగడి దివాలా తీసినారా ఏంది? జట్కాకు కూడా లేదా?" అని అడిగింది. పక్కనున్నవాళ్లు బిందెలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నాగవేణి ప్రతి కరెంటు కంబం దగ్గరా ఆగింది. "అమ్మా, ఈడ కాసేపు నిలుచుకుందాం." మళ్లీ నడక. మళ్లీ "అమ్మా, ఈడ." గుట్ట మీది కోట నీడ దారికి అడ్డంగా పడే చోట తల్లీ బిడ్డా ఒక బండ మీద కూర్చున్నారు. వెనక గుర్రపు డెక్కల చప్పుడు వినిపించి తిరిగి చూస్తే, కాస్త దూరంలో ఖాళీ జట్కా.

"తాయప్పా, నిన్ను రావద్దన్నాను గదప్పా?"

"నేను యాడ వస్తాండా తాయీ?" అన్నాడు తాయప్ప, గుర్రాన్ని చూస్తూ. "దీనికి కాలు పట్టేసిండాది. సుమ్నే, ఊరికే నడిపిస్తాండా."

బడి చేరేదాకా ఆ గుర్రానికి కాలు పట్టేసే ఉంది. ఆ తరువాత రోజుల్లోనూ పట్టేసింది. పాప ఎక్కడ పడిపోతుందోనని వస్తున్నాడని రాజలక్ష్మికి తెలుసు. ఊరంతా తనను చూసి నవ్వుతున్నప్పుడు, ఆ డెక్కల చప్పుడు వెనక నుంచి ఎవరో భుజం మీద చేయి వేసినట్టు ఉండేది.

ఇంట్లో సుందరమ్మ కోడలి మీద అరవలేదు, దొంగచాటుగా పాపకు ఏమీ పెట్టలేదు. ఆమె అభిమానం అలాంటిది కాదు. రాత్రి భోజనం మానేసింది, అంతే. "బిడ్డ రొట్టె ముక్కతో పండుకుంటే నాకు ముద్ద దిగదు" అన్నది. అత్తగారు తినకపోతే రాజలక్ష్మికి దిగలేదు. ఒకరోజు గురురాజ విస్తరి ముందు కూర్చుని, అటు తల్లినీ ఇటు భార్యనూ చూసి, "ముగ్గురాడోళ్లు కడుపు కట్టుకోని నా పక్కే చూస్తాంటే నేనొక్కణ్ణే ఎట్ల తినేది? నన్ను కూడా కోట చుట్టూ నడిపించండి, పోతుంది" అన్నాడు. నాగవేణి ఒక్కతే పకపకా నవ్వింది. సుందరమ్మ పెదవి కదిలింది కానీ, వెంటనే కొంగుతో ముఖం తుడుచుకున్నది.

ఆ రాత్రి గురురాజ భార్యతో, "నువ్వు చేసేది తప్పని నేననలే రాజీ. అమ్మ ముఖం చూస్తే నాకు మాట రాదు" అన్నాడు. ఆ మాత్రం మాటకే రాజలక్ష్మికి కళ్లు నిండాయి.

భీమప్ప ఇంటికే వచ్చాడు. అరుగు మీద కూర్చోకుండా, కండువా చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "అమ్మా, మా వల్ల ఏమన్నా తప్పయిందా? బిడ్డ రాక అంగడి బోసిపోయిండాది. గిరాకీ సంగతి ఇడ్చండి... పొద్దున్నే ఆ గొలుసుల సద్దు లేకుంటే పొయ్యి ముట్టించబుద్ధి కాదు." రాజలక్ష్మి తలుపు చాటు నుంచి, "తప్పేం లేదు భీమప్పా" అని మాత్రం అనగలిగింది. ఇంత ప్రేమను ఎలా వద్దనాలి? కత్తితో వచ్చేవాడినైతే తలుపు వేసి ఆపవచ్చు. బాదుషా పొట్లంతో వచ్చేవాడిని ఏమని ఆపాలి?

ఒకరోజు నడకలో నాగవేణి ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, నేను సన్నగయితే బజార్లో నన్నెవరూ పిలవరు గదా?"

"ఎందుకు పిలవరే? పిలుస్తారు."

"మా క్లాసులో రంగమ్మ సన్నగుండాది. దాన్ని ఎవురూ పిలవరు. అది కూడా బజారు దావనే వస్తాది."

రాజలక్ష్మి ఆగిపోయింది. కూతురి ముఖం వంగి చూసింది. ఇన్ని రోజులుగా ఆ పిల్ల నడిచింది ఆయాసంతో మాత్రమే కాదు, ఈ భయంతో కూడా అని అప్పుడు తెలిసింది. పాప మెడ నిమిరింది. నల్లని మరక చేతి కింద ఇంకా గరుగ్గానే ఉంది.

దీపావళి వచ్చింది. ఆ మరునాడు బలిపాడ్యమి. బజారులో అంగళ్లన్నీ అరటి పిలకలతో, మామిడాకులతో కొత్త పెండ్లికూతుళ్లలా నిలిచే రోజు అది. సంవత్సరానికంతటికీ అసలైన బోణి ఆ రోజుదే. గురురాజ తెల్లవారకముందే అంగడికి పోయాడు. రాజలక్ష్మి పెరట్లో కాగు కింద మంట పెడుతూ ఉంది. వేడినీళ్లలో చన్నీళ్లు తొరిపి లోపలికి వచ్చేసరికి పాప లేదు, అత్తగారు లేరు. దండెం మీద ఉండాల్సిన ఎర్రపట్టు లంగా లేదు. వాకిట్లో జట్కా చక్రాల గీతలు ముగ్గును తొక్కుకుంటూ బజారు వైపు తిరిగి ఉన్నాయి.

రాజలక్ష్మి తడి చేతులతోనే బయలుదేరింది. కోట పక్క దారి కాదు, నేరుగా పెద్ద బజారు. పండగ జనం మధ్య, తెల్లారిన వెలుతురులో, చెప్పులు కూడా లేకుండా ఆ ఇంటి కోడలు నడిచిపోతుంటే అంగళ్ల గద్దెల మీది మగవాళ్లు లేచి నిలబడ్డారు.

"గాళెప్పా, అత్త వచ్చినారా?"

"ఇప్పుడే పోయినారమ్మా. బిడ్డ రెండు పేడాలు తినింది" అన్నాడు గాళెప్ప సంతోషంగా. ఆమె ముఖం చూసి ఆ సంతోషం సగంలోనే ఆగిపోయింది.

భీమప్ప అంగట్లో, "మైసూరుపాకు కొరికి పెట్టిందమ్మా, మిగిలింది అవ్వ తినిపించింది." బెల్లం మండీలో, "అటు పోయినారమ్మా." ప్రతి అంగడిలోనూ ఎవరో ఒకరు పాప ఏమి తిన్నదో మురిపెంగా చెబుతున్నారు. రాజలక్ష్మి చెవులకు అవి ఒక్కొక్కటీ దెబ్బలా తగులుతున్నాయి. పరుగు లాంటి నడకతో బజారు మలుపు తిరిగింది.

హులిగెప్ప బండి పక్కన, మూసి ఉన్న ఒక అంగడి అరుగు మీద వాళ్లిద్దరూ కనిపించారు. నాగవేణి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. పట్టు లంగా ముందంతా కక్కుకున్నది. సుందరమ్మ తన పట్టుచీర కొంగుతో పాప నోరు తుడుస్తోంది. హులిగెప్ప చెంబుతో నీళ్లు పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డాడు. తాయప్ప బజ్జీల బాణలి సెగ తగలకుండా తన తలగుడ్డ విప్పి అడ్డం పట్టాడు.

తల్లిని చూడగానే పాప ఏడవలేదు. లేవడానికి ప్రయత్నించింది.

"అమ్మా, అవ్వను తిట్టొద్దు. నేనే తినినాను."

"తిట్టను తల్లీ, కూర్చో."

"నాకు తినబుద్ధి కాలేదమ్మా. కడుపు నొస్తాంది. తినకుంటే వాళ్ల అంగట్లో లక్ష్మి ఉండదంట గదా... ఈ పొద్దు ఏడాది బోణి అంట." పాప ఊపిరి పీల్చుకుని, బజారు వైపు చేయి చూపించింది. "ఇంగా నాలుగంగళ్లు ఉండాయి. కాసేపు నిలుచుకోని పోతాను. పోకుంటే పాపం వాళ్లకు..."

రాజలక్ష్మి కూతుర్ని గుండెలకు హత్తుకున్నది. ఇంతకాలం ఈ పిల్ల తీపికి ఆశపడి తింటున్నదని తనూ అనుకున్నది. ఆ చిన్న తల మీద ఎంత బరువు మోపారు అందరూ! బజారంతటి బాగూ తన నోటితోనే నమిలి మింగాలని నమ్మిన బిడ్డ... అత్తగారిని నాలుగు మాటలు అనాలని దారంతా పోగు చేసుకుని వచ్చిన కోపం, ఆ తల మీద చేయి పెట్టేసరికి ఎక్కడికో పోయింది. అత్తగారి వైపు చూసింది.

సుందరమ్మ పాపను చూడటం లేదు. కొంగుకు అంటుకున్న దాన్ని చూస్తూ ఉన్నది. ఎవరితోనో చెబుతున్నట్టు అన్నది.

"గాళెప్ప అంగట్లోనే చాలు అవ్వా అనిందే ఇది. ఒక్కటి తల్లీ, ఇంగొక్కటి అన్నాను. భీమప్ప అంగట్లో మల్లా చాలు అనింది. నేనే కుక్కినాను, ఈ చేత్తోనే..." ఆమె తన అరచేతిని తిప్పి చూసుకున్నది. "ఆ పొద్దు ఆ బిడ్డ పెట్టమంటే పెట్టలే. ఈ పొద్దు ఈ బిడ్డ చాలంటే ఇడ్చలే. రెండు తూర్లూ బిడ్డ చెప్పినమాట నా చెవికి పోలేదు గదే రాజమ్మా. ఎవురెవురో చెప్పిందే విన్నాను. బిడ్డ చెప్పింది వినలే."

రాజలక్ష్మి ఆ పెద్దావిడ చేయి పట్టుకున్నది. పెళ్లయి ఇన్నేళ్లలో అత్తగారిని ఆమె తాకింది పాదాలకు దండం పెట్టినప్పుడే. ఆ చేయి ఇంత చిన్నదని, ఇంత తేలికగా ఉంటుందని ఆమెకు ఎప్పుడూ తెలియదు.

"అప్పుడు మీకు తెలీదు అత్తా. ఎవురికీ తెలీదు."

"ఇప్పుడు నీకు తెలుసు గదా. నువ్వు చెప్పినావు. నేను వినలే." సుందరమ్మ ముక్కు చీదుకుని లేచి నిలబడింది. అప్పటికే భీమప్ప, గాళెప్ప, ఇంకా నలుగురైదుగురు అంగళ్లవాళ్లు కంగారుగా వచ్చి చేరారు. ఆమె వాళ్లవైపు తిరిగింది.

"ఇగో వినండప్పా. ఇంగ దీని నోట్లో ఎవురూ ఏమీ పెట్టొద్దు. బిడ్డ చేత్తో బోణి చేస్తాది. అంతే."

"అట్లనే అమ్మా. అయితే ఉత్త నోటితో ఎట్ల పంపేది? లక్ష్మి..." అని గాళెప్ప నసిగాడు.

"లక్ష్మి ఏందప్పా, బిస్కెట్టుకు ఆశపడి వస్తాదా మీ అంగడికి? ఒక మాట మాట్లాడించి పంపండి. పాఠం అడగండి, ఆట అడగండి. మాటాడితే నోరు తీపి కాదా? సన్నగయినా లావయినా పిలవండి. పిలవకుంటే నేను వచ్చి అడుగుతాను."

భీమప్ప చేతులు జోడించి, పాప ముందు గొంతుక్కూర్చున్నాడు. "చెప్పు తల్లీ, ఈ పొద్దు ఏం మాట్లాడుదాం?"

నాగవేణి ఆలోచించి, "తాయప్ప గుర్రానికి కాలు పట్టేయలేదు. ఉత్తుత్తికే చెప్పినాడు" అన్నది. అరుగు చుట్టూ నిలబడినవాళ్లంతా నవ్వారు. తాయప్ప తలగుడ్డతో ముఖం కప్పుకున్నాడు.

మిగిలిన నాలుగంగళ్లకూ పాప పోతానని పట్టుబట్టింది. మాట ఇచ్చినదట. సుందరమ్మ జట్కా ఎక్కలేదు. ఒక పక్క అవ్వ, ఒక పక్క అమ్మ, మధ్యలో మరకల లంగాతో నాగవేణి. ఆ ఇంటి అత్తాకోడళ్లు ఇద్దరూ అలా బజారు నడిబొడ్డున నడవడం ఎవరూ చూసి ఎరుగరు. పాప ప్రతి గడపలోనూ చేయి ఆనించి, నాలుగు మాటలు చెప్పి, తమలపాకు ఒకటి పట్టుకుని దిగింది. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆయాసపడింది సుందరమ్మ. "అవ్వా, ఈ కంబం దగ్గర కాసేపు నిలుచుకుందామా?" అని పాప ఆమె చేయి పట్టుకుని ఆగింది.

ఆ చలికాలమంతా నడక ఆగలేదు, ఇప్పుడు బజారు మీదుగానే. కొళాయి దగ్గరి ఆడవాళ్లు నవ్వడం మానేశారు. అందులో ఒకామె తన పిల్లనూ వెంట పంపింది. రంగమ్మ కూడా కలిసింది. భీమప్ప రంగమ్మను కూడా పిలిచి పాఠం అడుగుతున్నాడని, దానికి మాత్రం బాదుషా పెడుతున్నాడని నాగవేణి ఇంటికి వచ్చి చెప్పింది. చెప్పేటప్పుడు కొంచెం మూతి ముడిచింది కానీ, "దానికి ఇంట్లో ఉండదు గదమ్మా" అని తనే సర్దిచెప్పుకున్నది. ఉగాదికి ముందు డాక్టరమ్మ మళ్లీ చూసింది. పాప బరువు దాదాపు అంతే ఉంది, ఎత్తు పెరిగింది. మెడ మీది నలుపు పూర్తిగా పోలేదు, పలచబడింది. "ఇట్లాగే కానివ్వండి. తొందర లేదు" అన్నది ఆమె. బయట మెట్లు దిగేటప్పుడు నాగవేణి కాళ్లు జోడించి ఒక్కొక్క మెట్టూ దూకింది. రాజలక్ష్మి వద్దనబోయి, ఊరుకుని, కింద నిలబడి చూసింది.

ఆ మధ్యాహ్నం సుందరమ్మే వడ్డించింది. జొన్నరొట్టె, గోంగూరతో చేసిన పుండికూర, కొంచెం అన్నం, మజ్జిగ. ఒకప్పుడు కూలోళ్ల తిండి అని ఆమె మొహం చిట్లించిన వంటే. పాప అన్నం తిన్నది. ఇంకొక గరిటె నిండా తీసి విస్తరి మీదికి తెచ్చి, సుందరమ్మ ఆగింది.

"చాలా తల్లీ?"

"చాలవ్వా."

గరిటె గాలిలో నిలిచింది. ఆ చేయి ఎన్నో ఏళ్లుగా వెనక్కి పోవడం ఎరుగదు. సుందరమ్మ మనవరాలి ముఖంలోకి చూసి, ఆ మాట లోపలికి పోయేదాకా ఆగి, గరిటెను మెల్లగా తిరిగి గిన్నెలోకి దించింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ముఖం తేలికపడింది.

తరువాత పక్కకు తిరిగి చూసింది. కోడలు ఎప్పటిలాగే గోడ పక్కన, అందరూ తిన్నాక తినడానికి నిలబడి ఉంది. ఎండలో నడిచి నడిచి ముఖం వడిలిపోయింది. జబ్బల దగ్గర రవికె వదులయింది.

"నువ్వేందే అట్ల నిలబడినావు? నీ మొహం చూస్తే పుల్ల మాదిరి ఉండావు. వచ్చి కూర్చో. నీకు మాత్రం చాలదులే."

నాగవేణి జరిగి, పక్కన చోటు ఇచ్చింది. రాజలక్ష్మి కూతురి పక్కన విస్తరి ముందు కూర్చున్నది. సుందరమ్మ వంగి అన్నం పెట్టింది, దాని మీద కూర వేసింది, ఇంకొక గరిటె తీసింది. రాజలక్ష్మి చాలు అనలేదు.